చెనక్కాయ అలర్జీకి చికిత్స తిరుపతిలోనే మొదలుపెట్టండి: ఒక తల్లి బహిరంగ లేఖ

తిరుమల తిరుపతి దేవస్థానాల పాలకమండలి పెద్దలకు,
రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ అధికారులకు,

నమస్కారం.

నేను పాకాల పక్క ఒక ప్రభుత్వ హైస్కూల్లో టీచర్ని. మా ఆయన వ్యవసాయం చూస్తాడు. మాది మెట్ట భూమి. వాన పడితే వేసే చెనక్కాయే (వేరుశనగ) మా ఇంటికి ఆధారం. ఆ చెనక్కాయే మా ఆరేళ్ల పాపకు పడదు. పడదంటే నాలుగు దద్దుర్లు వచ్చి పోయే రకం కాదు. చట్నీలో ముంచిన గరిటె సాంబార్లో పెట్టినా చాలు, పెదాలు ఉబ్బుతాయి, గొంతు బిగుసుకుంటుంది, పిల్లికూతలు మొదలవుతాయి, బీపీ పడిపోతుంది. డాక్టర్లు దీన్ని అనాఫిలాక్సిస్ అంటారు. అడ్రినలిన్ సూది ఆలస్యమైతే ప్రాణమే పోవచ్చు.

మిమ్మల్ని అడిగేది ఒకటే. పిల్లల ఆహార అలర్జీకి ఓరల్ ఇమ్యునోథెరపీ అనే చికిత్స ఉంది. దాన్ని తిరుపతిలో, మీ అజమాయిషీలో ఉన్న ఒక ఆసుపత్రిలో, ఎథిక్స్ కమిటీ అనుమతితో నడిచే పరిశోధనగా, మాలాంటి కుటుంబాలు భరించగలిగే ఖర్చుతో మొదలుపెట్టండి.

ఇదేం చికిత్సో చెప్పాలంటే మా అత్త మాటతో మొదలుపెట్టాలి. పాప సంగతి తెలిసినప్పట్నించీ ఆమెది ఒకటే పాట. "కొంచిం కొంచిం పెట్టి అలవాటు చెయ్యిమే, అదే సర్దుకుంటుంది. మన పక్క చెనక్కాయ పడని బిడ్డ యాడన్నా ఉంటాదా?" నేను ఆమెను తప్పుపట్టను. ఆమె పుట్టింటా మెట్టినింటా సంగటిలోకి ఊరుబిండి, దోసెలోకి చట్నీ, పండక్కి చెనక్కాయ ఉండలు. పైగా ఆమె అన్నదాంట్లో సగం నిజమే. ఓరల్ ఇమ్యునోథెరపీ అంటే కొంచెం కొంచెం పెట్టి అలవాటు చెయ్యడమే. రెండో సగంతోనే చిక్కు. ఆ కొంచెం ఎంత, ఎవరి ఎదుట, ఏ రోజు పెట్టకూడదు అన్నది తెలియకుండా ఇంట్లో పెడితే బిడ్డ దక్కకపోవచ్చు.

ఈ రెండో సగం మీద ప్రపంచంలో చాలా పని జరిగింది. 2014లో కేంబ్రిడ్జి డాక్టర్లు 99 మంది పిల్లల మీద చేసిన ప్రయోగ ఫలితాలు లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. 2018లో పాలిసేడ్ అనే పెద్ద ప్రయోగం వెలువడింది. 4 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో చికిత్స తీసుకున్నవాళ్లలో 67 శాతం మంది చివరికి 600 మిల్లీగ్రాముల వేరుశనగ ప్రోటీన్ తట్టుకోగలిగారు. ఉత్తుత్తి పొడి తిన్నవాళ్లలో అలా తట్టుకున్నవాళ్లు 4 శాతమే. దాని ఆధారంగా అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020 జనవరిలో పాల్ఫోర్జియా అనే మందుకు అనుమతి ఇచ్చింది. 2022లో బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవల్లోకీ అది వచ్చింది. 2024లో ఏడాది నిండిన పిల్లలకు కూడా వాడొచ్చని ఎఫ్‌డీఏ చెప్పింది.

ఆ పాల్ఫోర్జియా డబ్బాలో ఏముందో తెలిస్తే మా ఊరి రైతులు నవ్వుతారు, ఆ తర్వాత ఏడుస్తారు. నూనె తీసేసిన చెనక్కాయ పిండి. అంతే. ప్రోటీన్ కొలిచి, డోసుల వారీగా క్యాప్సూళ్లలో, పొట్లాల్లో నింపిన పిండి. అమెరికాలో విడుదలైనప్పుడు ప్రకటించిన ధర నెలకు 890 డాలర్లు. ఇప్పటి లెక్కలో 70 వేల రూపాయల పైమాటే. మేం మార్కెట్ యార్డుకు బస్తాల్లో తోలేది కూడా ఆ గింజే. ఏ పంటకు ఎంత మిగిలిందో నేనిక్కడ రాయను, రాస్తే ఈ లేఖ ఇంకో లేఖ అవుతుంది.

ఆ ధర మొత్తం మోసం అని నేను అనడం లేదు. అందులో పిండి విలువ నామమాత్రం. మిగతాదంతా ప్రతి డోసులో కచ్చితంగా అంతే ప్రోటీన్ ఉందన్న భరోసాకు, ప్రయోగాల ఖర్చుకు, కంపెనీ లాభానికి. పాల్ఫోర్జియా మొదటి రోజు అర మిల్లీగ్రాము ప్రోటీన్‌తో మొదలవుతుంది. రెండు వారాలకోసారి ఆసుపత్రిలో డోసు పెంచుతూ, అంతా సవ్యంగా సాగితే ఆరు నెలలకు 300 మిల్లీగ్రాములకు చేరుస్తారు. తర్వాత రోజూ అదే తింటూ ఉండాలి. అమెరికా పుస్తకాల్లో 300 మిల్లీగ్రాములంటే దాదాపు ఒక గింజ అని రాస్తారు. వాళ్ల గింజలు లావు. మన పక్క పండే చిన్న గింజలైతే రెండు మూడు ఉంటే గానీ అంత ప్రోటీన్ రాదు. రకాన్ని బట్టి, నేలను బట్టి, వేయించిన తీరును బట్టి లెక్క మారుతుంది. అందుకే ఇది గిద్దెతోనో చెంచాతోనో చేసే పని కాదు.

కానీ చేసేవాళ్లు ఉన్నారు. డాక్టర్లు దొరక్క, దొరికినా డబ్బు చాలక, బంగారం తూచే చిన్న తక్కెడ కొనుక్కుని ఇంట్లోనే పిండి తూచి బిడ్డకు నాకిస్తున్న ఒక తల్లి నాకు తెలుసు. చదువుకున్న మనిషే. వద్దని నేను చెప్పాను. "మరి ఏం చెయ్యమంటావు అక్కా" అని ఆమె అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు మీ దగ్గర ఉండాలి.

బెంగళూరులో ఒక ప్రైవేటు క్లినిక్‌లో మేమూ అడిగాం. రెండు వారాలకోసారి పాపను తీసుకుపోవాలి, డోసు మింగించాక అక్కడే కూర్చోబెట్టి చూడాలి, మధ్యలో జ్వరం వస్తే డోసు తగ్గించి మళ్లీ ఎక్కడం మొదలుపెట్టాలి. వాళ్లు చెప్పిన మొత్తం మా ఆయన ఒక పంట మీద చూసే డబ్బును మించిపోయింది. నాకు జీతం వస్తుంది కాబట్టి కనీసం అడిగే ధైర్యం చేశాం. మా పక్క పొలంలో కూలికి వచ్చే మనిషి బిడ్డకు ఇదే జబ్బు ఉంటే ఆ తల్లి తమిళనాడులోని రాయవేలూరు దాకా పోయి జబ్బు పేరు రాయించుకుని రావడమే గగనం.

ఇక్కడ మీకు తప్పకుండా వచ్చే సందేహాలకు వస్తాను. మొదటిది: ఈ జబ్బు మన దేశంలో ఎంతమందికి ఉంది? నిజమే, తక్కువమందికే. కర్ణాటకలో బడిపిల్లల మీద జరిగి 2020లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనంలో ఆహార అలర్జీ ఉండే అవకాశం బలంగా కనిపించినవాళ్లు 0.14 శాతం. హాంకాంగ్‌లో అది 1.5 శాతం. అదే అధ్యయనంలో రక్తపరీక్షలో ఏదో ఒక ఆహారానికి అలర్జీ సూచన కనబడిన మన పిల్లలు మాత్రం 19 శాతం! అంటే పరీక్ష కాగితం మీద పాజిటివ్ వచ్చినవాళ్లలో అత్యధికులకు నిజంగా అలర్జీ లేదు. దీన్నిబట్టి నాకు రెండు సంగతులు తోస్తున్నాయి. చికిత్స కావలసిన పిల్లలు తక్కువ, కాబట్టి ఖర్చూ తక్కువే. ఎవరికి నిజంగా ఉందో ఎవరికి లేదో తేల్చే చోటు మాత్రం చాలా కుటుంబాలకు కావాలి. వైద్యుల ఎదుట కొలిచిన ఆహారం పెట్టి చూసే ఛాలెంజ్ పరీక్ష ఒక్కటే అది తేల్చగలదు. ఆ వసతి లేకపోవడం వల్లే ల్యాబులు ఐజీజీ (రక్తంలోని ఒక రకం యాంటీబాడీ) పరీక్ష పేరుతో వంద పదార్థాల జాబితా చేతికిచ్చి, పాలు మానెయ్, గోధుమ మానెయ్, వంకాయ మానెయ్ అంటున్నాయి. ఐజీజీ ఉండటం అలర్జీకి గుర్తు కాదని అలర్జీ వైద్యుల సంఘాలు ఎప్పుడో చెప్పాయి. ఆ జాబితాలు పట్టుకుని బక్కచిక్కిన పిల్లల్ని నేను బడిలో చూస్తూనే ఉన్నాను.

రెండో సందేహం: ఇది ఇంకా పూర్తిగా రుజువైన చికిత్స కాదు కదా? ఈ ప్రశ్న న్యాయమైనది, నేను దాటవేయను. 2019లో లాన్సెట్‌లో వచ్చిన ఒక సమీక్ష 12 ప్రయోగాలను కలిపి చూసి, ఈ చికిత్స తీసుకుంటున్నవాళ్లలో అనాఫిలాక్సిస్ సంఘటనలు తీసుకోనివాళ్లకన్నా ఎక్కువని తేల్చింది. కొందరికి అన్నవాహికలో వాపు వస్తుంది, కడుపునొప్పి భరించలేక మానేస్తారు. ఉబ్బసం అదుపులో లేని బిడ్డకు మొదలుపెట్టనే కూడదు. డోసు తిన్నాక రెండు గంటలైనా పరుగులు, ఆటలు ఉండకూడదు, ఖాళీ కడుపుతో తినకూడదు. ఆపేస్తే, చెనక్కాయను తట్టుకునేలా వచ్చిన ఓర్పు చాలామందిలో పోతుంది. స్టాన్‌ఫర్డ్ వాళ్ల పాయిజ్డ్ అధ్యయనంలో చెనక్కాయ పూర్తిగా మానేసినవాళ్లలో ఏడాది తర్వాత పూర్తి మోతాదు తట్టుకున్నవాళ్లు 13 శాతమే. నాలుగేళ్ల లోపు మొదలుపెడితే మెరుగని 2022లో వచ్చిన ఇంపాక్ట్ ప్రయోగం చూపించింది. ఆపేసిన ఆరు నెలలకు కూడా ప్రతి ఐదుగురిలో ఒకరికి అలర్జీ తిరిగి రాలేదు. మా పాపకు ఆ వయసు దాటిపోయింది. మా ఆశ చిన్నది. ఎవరో తెలియక పెట్టిన ఒక గింజతో బిడ్డ ప్రాణం మీదికి రాకూడదు, అంతే.

ఈ ప్రమాదాలన్నీ చెప్పి "అందుకే వద్దు" అనొచ్చు. నేను మాత్రం వీటిని చూపించే "అందుకే ఆసుపత్రిలో జరగాలి" అంటున్నాను. మీరు కాదన్నంత మాత్రాన ఇది ఆగదు. తక్కెడ కొనుక్కున్న ఇళ్లలో జరుగుతూనే ఉంటుంది, ఏమైనా అయితే దిష్టి తగిలిందని సరిపెట్టుకుంటారు.

ఖర్చు తగ్గించే దారి కూడా బయటి దేశాలు చూపించాయి. బ్రిటన్‌లో అలర్జీతో కన్నుమూసిన నటాషా అనే అమ్మాయి పేరున తల్లిదండ్రులు పెట్టిన సంస్థ, కంపెనీ మందుకు బదులు అంగట్లో దొరికే మామూలు చెనక్కాయ, పాల పదార్థాలతోనే, వైద్యుల అజమాయిషీలో, ఈ చికిత్స చెయ్యొచ్చా అని 2022లో ప్రయోగం మొదలుపెట్టింది. సౌతాంప్టన్ విశ్వవిద్యాలయం దాన్ని నడిపింది. ఆస్ట్రేలియాలో ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయం వాళ్లు చేసింది మాకు ఇంకా దగ్గరిది. ఉడకబెట్టిన చెనక్కాయలు! ఎక్కువసేపు ఉడికిస్తే అలర్జీ కలిగించే ప్రోటీన్ కొంత నీళ్లలోకి దిగిపోతుంది, వేయించిన గింజలో దాని జోరు ఎక్కువ. వాళ్లు 70 మంది పిల్లలకు మొదట 12 గంటలు ఉడికించినవి, తర్వాత 2 గంటలు ఉడికించినవి, చివరికి వేయించినవి మెల్లగా పెంచుతూ పెట్టారు. 56 మందిలో ఫలితం వచ్చింది. మన బస్టాండ్ల దగ్గర తోపుడుబండి మీద ఆవిర్లు కక్కుతూ అమ్మే సరుకే అది. (ఇది చదివే తల్లిదండ్రులకు ఒక మాట: ఆ బండి దగ్గరికి బిడ్డను తీసుకుపోయి ప్రయత్నించకండి. ఆ ప్రయోగంలోని పిల్లలు డాక్టర్ల కళ్లెదుట తిన్నారు, అయినా కొందరికి రియాక్షన్లు వచ్చాయి.)

2024లో ఒమాలిజుమాబ్ అనే ఇంజెక్షన్‌కు కూడా ఆహార అలర్జీలో వాడటానికి అమెరికాలో అనుమతి వచ్చింది. ఉబ్బసానికి అది మన దేశంలోనూ వాడుతున్నారు. దాని ధర విన్నాక నేను ఆ దారి వదిలేశాను.

ఇప్పుడు తిరుపతిలో ఏముందో చూడండి. ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది. నారాయణి, ధరణి లాంటి చెనక్కాయ రకాలు పుట్టింది అక్కడే. గింజలో ప్రోటీన్ ఎంత, నూనె ఎంత, అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఉందా లేదా అన్నవి వాళ్లకు కొత్త ప్రశ్నలు కావు. ఒకే రకం, ఒకే చేను, ఒకే ప్రమాణంతో పిండి తయారుచేసి పరీక్షించి ఇవ్వమంటే దేశంలో వాళ్లకన్నా అర్హులు ఎవరున్నారు? మహిళా విశ్వవిద్యాలయం ఉంది, ఆహార శాస్త్రం చదివిన అమ్మాయిలున్నారు. స్విమ్స్ ఆసుపత్రి ఉంది, దానికి అనుబంధంగా మెడికల్ కాలేజీ ఉంది. రుయా ఆసుపత్రిలో పిల్లల విభాగం ఉంది. వీళ్లంతా ఒక ఊళ్లోనే ఉన్నారు, ఒక బల్ల చుట్టూ కూర్చోలేదు. ఆ కూర్చోబెట్టే పని మీది.

దేవస్థానాన్ని ప్రత్యేకంగా అడగడానికి కారణం ఉంది. ఒకప్పుడు గుండెలో రంధ్రంతో పుట్టిన బిడ్డను ఎత్తుకుని ఈ ప్రాంతం తల్లులు చెన్నైకో బెంగళూరుకో పోయేవాళ్లు. 2021 అక్టోబరులో శ్రీ పద్మావతి హృదయాలయం తెరిచాక ఆ దారి మారింది, ఇప్పుడు వేరే జిల్లాల వాళ్లు తిరుపతికి వస్తున్నారు. 2022 మేలో అలిపిరి దగ్గర పిల్లల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. అందులో అలర్జీకి ఒక గది అడుగుతున్నాను. ఆపరేషన్ థియేటర్ అక్కర్లేదు. నాలుగు మంచాలు, ఆక్సిజన్, అడ్రినలిన్, శిక్షణ పొందిన ఒక డాక్టరు, ఇద్దరు నర్సులు, మిల్లీగ్రాముల తక్కెడ. వారంలో రెండు రోజులు నడిచినా చాలు.

వైద్యశాఖ పెద్దలకు వేరే మాట. ప్రభుత్వ వైద్య సేవ పథకంలో ఈ చికిత్సకు ప్యాకేజీ ఉందా అని ఒక ఆరోగ్యమిత్రను అడిగితే, జాబితా అంతా వెతికి "ఆ పేరుతో ఏం లేదు మేడం" అన్నాడు. ఆపరేషన్‌కు ప్యాకేజీ కట్టడం తేలిక, ఏళ్ల పాటు మెల్లగా సాగే చికిత్సకు కష్టమని నాకూ అర్థమవుతుంది. కానీ ఛాలెంజ్ పరీక్షకు ఒకటి, డోసు పెంచే ప్రతి సందర్శనకు ఒకటి చొప్పున రేటు కట్టొచ్చు కదా. పరిశోధన దశలో ఉన్నంతకాలం పథకం డబ్బు వాడకూడదంటే, ఆ దశకు దేవస్థానం ట్రస్టుల నుంచో, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నుంచో నిధి అడగండి. మా దగ్గర పైసా తీసుకోకూడదని నేను పట్టుబట్టను. ఓపీ చీటీ అంత తీసుకోండి.

పరిశోధన అంటున్నాను కాబట్టి తల్లిదండ్రుల తరఫున షరతులు కూడా చెబుతాను. క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు కావాలి, అవసరమైతే డ్రగ్స్ కంట్రోలర్ అనుమతి తీసుకోవాలి. సమ్మతి పత్రం తెలుగులో ఉండాలి, అదీ మా అత్త చదివితే అర్థమయ్యే తెలుగులో. ఏడేళ్లు దాటిన బిడ్డ అంగీకారం కూడా అడగాలని ఐసీఎంఆర్ మార్గదర్శకాలే చెబుతున్నాయి, దాన్ని తూతూమంత్రంగా చెయ్యొద్దు. 2019 నాటి క్లినికల్ ట్రయల్స్ నిబంధనల్లో ప్రయోగం వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం అన్న మాటలున్నాయి. పిండిని మందు కాదు ఆహారం అని చెప్పి ఆ మాటలను పక్కన పెట్టకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ప్రయోగం ముగిసిన మర్నాడు మమ్మల్ని రోడ్డు మీద వదిలెయ్యకూడదు. రోజూ తినకపోతే వచ్చిన ఓర్పు పోతుందని పైన చెప్పాను కదా. కొలిచిన పిండో, కొలిచిన గింజలో, తర్వాత కూడా అందాలి.

ఈ గది తయారయ్యేలోపు చెయ్యగలిగిన పనులు కొన్ని ఉన్నాయి, వాటికి పెద్ద బడ్జెట్ కూడా అక్కర్లేదు. అడ్రినలిన్ ఆంపూల్ (మందు నింపిన చిన్న గాజు సీసా) ధర ఒక ప్లేటు ఇడ్లీ కన్నా ఎక్కువ కాదు. తొడ పక్క కండలోకి, బిడ్డ బరువును బట్టి కిలోకు 0.01 మిల్లీగ్రాము చొప్పున వెంటనే ఇస్తే, ఆసుపత్రికి చేరేదాకా ప్రాణం నిలబెట్టొచ్చు. విదేశాల్లో పిల్లల బ్యాగుల్లో ఉండే, అడ్రినలిన్ ముందే నింపిన ఎపిపెన్ మా ఊళ్ల మందుల షాపుల్లో దొరకదు. సొంతానికి దిగుమతి చేసుకోవాలంటే ఫారం 12ఎ నింపి అనుమతి తెచ్చుకోవాలి, ఆపైన దాని ఖరీదు. కాబట్టి ఆంపూల్, సిరంజి ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కనిపించే చోట ఉండాలి. అనాఫిలాక్సిస్ బిడ్డకు ముందు ఎవిల్ (దద్దుర్లకు ఇచ్చే మందు), స్టెరాయిడ్ ఇచ్చి అడ్రినలిన్‌కు భయపడే అలవాటు పోయేలా ఏఎన్ఎంలకూ డాక్టర్లకూ ఒక్క పూట శిక్షణ ఇవ్వండి.

బడి సంగతి నేను టీచరుగా చెబుతున్నాను. మధ్యాహ్న భోజనంలో వారానికి మూడు రోజులు పిల్లలకు చెనక్కాయ చిక్కీ ఇస్తున్నాం. మంచి పథకం, రక్తహీనత ఉన్న పిల్లలకు అది అవసరం, దాన్ని తీసెయ్యమని చచ్చినా అడగను. చేరేటప్పుడు ఫారంలో "ఏ ఆహారమైనా పడదా" అన్న ఒక గడి చేర్చండి, పడని బిడ్డకు బెల్లం పెట్టిన రాగి లడ్డో, పండో ఇప్పించండి. చిక్కీ రోజు చేతులు కడిగించండి. వండేవాళ్లకు ఒక మాట చెప్పించండి. గానుగ నూనె సంగతి కూడా. బాగా రిఫైన్ చేసిన చెనక్కాయ నూనెలో ప్రోటీన్ దాదాపు మిగలదు, గానుగ నూనెలో మిగులుతుంది. ఇప్పుడు ఊరికో గానుగ వెలసి, ఆరోగ్యం పేరుతో అందరూ అదే వాడుతున్నారు. ప్యాకెట్ల మీద వేరుశనగ ఉందని రాయాలని ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 నిబంధనలు చెబుతాయి, స్వీటు దుకాణంలో విడిగా తూచి ఇచ్చేదాని మీద ఎవరు రాస్తారు?

అంగన్‌వాడీల కోసం ఇంకొకటి. "మూడేళ్ల దాకా చెనక్కాయ పెట్టొద్దు" అన్న సలహా ఇప్పటికీ కొందరి నోట వింటున్నాను. 2015లో లండన్‌లో గిడియన్ లాక్ బృందం 640 మంది పసిపిల్లల మీద చేసిన లీప్ అధ్యయనం దాన్ని తలకిందులు చేసింది. అలర్జీ ముప్పు ఎక్కువగా ఉన్న ఆ పిల్లల్లో, ఐదేళ్లకు చెనక్కాయ మానిపించినవాళ్లలో 17.2 శాతానికి అలర్జీ వస్తే, ఏడాది లోపే తినడం మొదలుపెట్టినవాళ్లలో 3.2 శాతానికే వచ్చింది. ఎగ్జిమా (చర్మం ఎర్రబడి దురదపెట్టే జబ్బు) తీవ్రంగా ఉన్న బిడ్డకు డాక్టరుకు చూపించాకే పెట్టాలి, పసివాళ్లకు గింజ కాకుండా మెత్తటి పొడి గంజిలో కలిపి పెట్టాలి. ఇంత చిన్న సంగతి ఒక వాల్‌పోస్టర్ మీద పడుతుంది.

మొదటి అడుగుగా ఒక సమావేశం పిలవండి. వ్యవసాయ పరిశోధనా స్థానం నుంచి ఒకరు, పిల్లల వైద్యులు ఇద్దరు, ఎథిక్స్ కమిటీ నుంచి ఒకరు, దేవస్థానం వైద్య విభాగం నుంచి ఒకరు వస్తే చాలు. చిత్తూరు, పుత్తూరు, మదనపల్లె, శ్రీకాళహస్తి వైపు నాకు తెలిసిన తల్లిదండ్రులు మా పిల్లల పరీక్ష కాగితాలతో వస్తాం. ఆదివారం పెడితే మరీ మంచిది, నాలాంటివాళ్లు సెలవు పెట్టనక్కర్లేదు, కూలికి పోయేవాళ్లకు ఒక రోజు కూలి పోదు.

ఇట్లు,
చెనక్కాయ రైతు ఇంటి కోడలు, ఒక పాప తల్లి,
పాకాల మండలం, తిరుపతి జిల్లా